తొలిదశలో మూత్రాశయ కేన్సర్: పాత టీకా, కొత్త మందులు



ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్ తాలూకాలలోనూ, సరిహద్దుకు అవతల నిజామాబాద్, ఆదిలాబాద్ పల్లెలలోనూ ఒక మాట తరచుగా వినబడుతూ ఉంటుంది. మూత్రం ఎర్రగా వస్తే "వేడి చేసింది" అంటారు. బార్లీ నీళ్ళు తాగమంటారు, సబ్జా గింజలు నానబెట్టి ఇస్తారు. రెండు రోజుల్లో ఆ ఎరుపు పోతుంది. నొప్పి లేదు కనుక మనిషి ఆ సంగతే మరిచిపోతాడు. రెండు మూడు నెలలకు మళ్ళీ కనబడుతుంది, మళ్ళీ పోతుంది. వేడి చేయడం వల్లనో, రాయి వల్లనో, చీము పట్టడం వల్లనో మూత్రం రంగు మారవచ్చు. కాని యాభై ఏళ్ళు దాటినవారికి, ముఖ్యంగా బీడీ, సిగరెట్టు తాగేవారికి, నొప్పి లేకుండా మూత్రంలో నెత్తురు పడితే, అది మూత్రాశయ కేన్సర్ చేసే మొదటి హెచ్చరిక కావచ్చు. ఈ జబ్బును తొలిదశలో పట్టుకుంటే ఏ మందులున్నాయి, కొత్తవి ఎలా తయారవుతున్నాయి, అవి మనవంటివారికి ఎంతవరకు అందుతాయి అన్నదే ఈనాటి ప్రసంగ విషయం.

ముందుగా మూత్రాశయం సంగతి చెప్పుకుందాం. మూత్రపిండాలు నెత్తురును వడకట్టగా వచ్చిన మూత్రం రెండు సన్నని నాళాల ద్వారా పొత్తికడుపులో ఉన్న ఒక సంచిలోకి చేరుతుంది. అదే మూత్రాశయం. ఆ సంచికి లోపల పలుచని పొర, దాని కింద మెత్తని పొర, ఆ పైన దళసరి కండర పొర ఉంటాయి. కేన్సర్ సాధారణంగా లోపలి పలుచని పొరలో మొదలవుతుంది. కొత్తగా కనుగొన్న ప్రతి నలుగురు రోగులలో సుమారు ముగ్గురికి అది ఇంకా కండరంలోకి దిగి ఉండదు. దీనినే తొలిదశ అంటాం. కండరంలోకి దిగిందంటే వైద్యం పూర్తిగా మారిపోతుంది. చాలామందికి మూత్రాశయాన్నే తీసివేయవలసి వస్తుంది.

తొలిదశలో మొదటి చికిత్స కోత లేని ఆపరేషన్. మూత్రమార్గం గుండా దీపం అమర్చిన సన్నని గొట్టాన్ని లోపలికి పంపి, కంటితో చూస్తూ ఆ కంతిని గీకి తీసివేస్తారు. తీసిన ముక్కను ప్రయోగశాలకు పంపి, అది నెమ్మదిగా పెరిగే రకమా, దూకుడుగా పెరిగే రకమా, ఎంత లోతుకు పోయింది అన్నది తెలుసుకుంటారు. ఇంతటితో పని అయిపోతే కొత్త మందుల అవసరమే ఉండేది కాదు. పత్తి చేలో తుంగను చూసిన రైతుకు అసలు చిక్కు వెంటనే అర్థమవుతుంది. పైది కోస్తే పోయినట్టే ఉంటుంది, మరో చోట మళ్ళీ మొలుస్తుంది. మూత్రాశయ కేన్సర్ కూడా అటువంటిదే. తీసివేసిన తరువాత తిరిగివచ్చే స్వభావం దీనికి చాలా ఎక్కువ. కొన్నిసార్లు అది కంతిగా కాక, పొర మీద చదునుగా నాచులాగా పరుచుకుంటుంది. అటువంటిదాన్ని పూర్తిగా గీకి తీయడం సాధ్యం కాదు. అందుకే ఆపరేషన్ తరువాత మందు కావాలి.

ఇక్కడ మూత్రాశయానికి ఒక సౌకర్యం ఉంది. అది సంచి కనుక, మందును నేరుగా అందులోనే పోయవచ్చు. సన్నని రబ్బరు గొట్టంతో మందు లోపలికి పంపి, గంట, రెండు గంటలు ఆపి ఉంచి, తరువాత మూత్రంతో బయటికి వదిలేస్తారు. మందు కేన్సర్ ఉన్న చోటనే ఉంటుంది, నెత్తురులో కలిసేది స్వల్పం. జుట్టు రాలడం వంటి బాధలు తక్కువ. కాని ఇందులోనే ఒక ఇబ్బంది కూడా ఉంది. మూత్రం ఊరుతున్నకొద్దీ మందు పలచబడుతుంది. రెండు గంటల తరువాత మొత్తం కొట్టుకుపోతుంది. మందును ఎక్కువసేపు నిలబెట్టడం ఎలా, పొరలోకి ఇంకించడం ఎలా అన్నదాని చుట్టూనే ఈ జబ్బుకు సంబంధించిన పరిశోధన చాలావరకు తిరుగుతూ వచ్చింది.

ఇలా మూత్రాశయంలో పోసిన తొలి మందులలో ఒకటి థయోటెపా. 1961 నాటికే దీన్ని వాడిచూసిన వైద్యుల అనుభవం అచ్చయింది. ఆ మందు అమెరికన్ సయనమిడ్ కంపెనీలో పుట్టింది. ఆ కంపెనీకి చెందిన లెడర్లీ ప్రయోగశాలలలోనే 1940 నుండి 1948లో కన్నుమూసేవరకు పరిశోధన నడిపించినవాడు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. థయోటెపా ఆయన తదనంతరం వచ్చినది. ఆయన బృందం కృషి ఫలించి వచ్చిన మెథోట్రెక్సేట్ మాత్రం, ముదిరిన మూత్రాశయ కేన్సర్‌కు ఇచ్చే మందుల కలయికలో ఏళ్ళ తరబడి భాగమైంది. ఆ తరువాత జపానులో ఒక సూక్ష్మజీవి నుండి తీసిన మైటోమైసిన్ వచ్చింది. నెమ్మదిగా పెరిగే రకానికి ఇది ఇప్పటికీ వాడుకలో ఉంది.

దూకుడుగా పెరిగే రకానికి మాత్రం పెద్ద మలుపు ఎవరూ ఊహించని దిక్కు నుండి వచ్చింది. మన పిల్లలకు పుట్టగానే ఎడమ భుజం మీద వేసే బి.సి.జి. టీకా మీకందరికీ తెలుసు. క్షయకు టీకా అది. ఫ్రాన్సులో కాల్మెట్, గెరాన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1908లో మొదలుపెట్టి, పశువుల క్షయ క్రిమిని ఒక పాత్ర నుండి మరో పాత్రకు మార్చి మార్చి, 13 ఏళ్ళలో 230 సార్లు పెంచి, దాని కోరలు తీసేశారు. 1921లో తొలిసారి మనిషికి ఇచ్చారు. క్షయ ఉన్నవారిలో కేన్సర్ తక్కువగా కనబడుతోందని 1929లో అమెరికాలో రేమండ్ పెర్ల్ అనే పరిశోధకుడు రాశాడు. ఆ ఆలోచన దశాబ్దాలపాటు మెల్లగా నడిచింది. చివరకు 1976లో కెనడాలో అల్వారో మొరాలెస్ అనే వైద్యుడు తొమ్మిది మంది రోగుల మూత్రాశయాలలో బి.సి.జి. పోసి, కేన్సర్ తిరిగిరావడం తగ్గిందని ప్రకటించాడు.

ఆయన వారానికి ఒకసారి చొప్పున ఆరు వారాలు ఇచ్చాడు. ఆరే ఎందుకు? టీకా పెట్టెలో ఆరు సీసాలు వచ్చేవి కనుక! ఆ ఆరు వారాల లెక్క నేటికీ ప్రపంచమంతటా నడుస్తోంది. తరువాత జరిగిన పెద్ద పరీక్షలలో, ఆరు వారాలతో ఆపకుండా మూడేళ్ళ వరకు మధ్య మధ్య మూడేసి మోతాదులు ఇస్తే ఫలితం మరింత నిలుస్తుందని తేలింది. 1990లో అమెరికా ప్రభుత్వ ఔషధ నియంత్రణ సంస్థ ఈ చికిత్సను ఆమోదించింది. బి.సి.జి. కేన్సర్‌ను విషంలాగా చంపదు. అది మూత్రాశయపు గోడకు అంటుకుని, ఒంట్లోని రక్షక కణాలను అక్కడికి పిలుస్తుంది. క్రిమి మీదికి వచ్చిన ఆ కణాలు పక్కనే ఉన్న కేన్సర్ మీద కూడా పడతాయి.

ఈ మందు మనకు దూరంగా లేదు. ఇదే మహారాష్ట్రలో, పుణేలో, సీరమ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా మూత్రాశయ కేన్సర్ కోసం ప్రత్యేకంగా బి.సి.జి. తయారుచేస్తోంది. ఇది ఎంత విలువైన సంగతో ధనిక దేశాల అనుభవం చూస్తే తెలుస్తుంది. బి.సి.జి. క్రిమి చాలా మెల్లగా పెరుగుతుంది, లాభం తక్కువ, తయారుచేసేవారు కొద్దిమంది. 2012లో కెనడాలోని ఒక పెద్ద కర్మాగారంలో వరద నీరు చేరి తయారీ ఆగింది. ఆ కంపెనీ 2017లో ఈ మందునే మానుకుంది. అప్పటినుండి అమెరికా, ఐరోపాలలో కూడా రోగులు మోతాదుల కోసం వేచి ఉండవలసి వచ్చింది. కొత్త మందుల వేటకు ఈ కొరత కూడా ఒక కారణం.

ఇంకొక కారణం ఇంతకంటె బరువైనది. బి.సి.జి. అందరికీ పనిచేయదు. సుమారు మూడోవంతు మందిలో కేన్సర్ లొంగదు, లేదా లొంగినట్టు లొంగి తిరిగివస్తుంది. అటువంటివారికి వైద్యులు చెప్పగలిగిన నమ్మకమైన మార్గం చాలాకాలం ఒక్కటే: మూత్రాశయం తీసివేయడం. అది చాలా పెద్ద ఆపరేషన్. ఆ తరువాత పేగు ముక్కతో చేసిన దారి గుండా మూత్రం పొట్ట మీద కట్టిన సంచిలోకి పోతుంది. పొలం పని చేసే మనిషికి, నీళ్ళు కరువైన ఊళ్ళో బతికే మనిషికి ఆ సంచితో జీవితం ఎట్లా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. ప్రాణం దక్కడంతోపాటు మూత్రాశయం కూడా దక్కాలన్నదే ఈ పరిశోధన లక్ష్యం.

అయితే కొత్త మందును పరీక్షించడం ఇక్కడ తేలిక కాలేదు. మామూలుగా కొంతమందికి కొత్త మందు, మరికొంతమందికి పాత మందు ఇచ్చి పోల్చి చూస్తారు. బి.సి.జి.కి లొంగని కేన్సర్‌కు పోల్చడానికి మందే లేదు. ఉత్తి నీళ్ళు ఇచ్చి కూర్చోబెడితే కేన్సర్ కండరంలోకి దిగుతుంది, అది అన్యాయం. అందుకని, పొర మీద చదునుగా పరుచుకునే రకానికి, పోలిక లేకుండా అందరికీ కొత్త మందే ఇచ్చి ఫలితం చూసినా పరిశీలిస్తామని అమెరికా నియంత్రణ సంస్థ 2018లో మార్గదర్శకాలు ఇచ్చింది. అప్పటినుండి పని ఊపందుకుంది.

అంతకు ముందు, 1998లో, వాల్‌రూబిసిన్ అనే మందు ఒక్కటే ఈ అవసరానికి ఆమోదం పొందింది. దానికి లొంగినవారు తక్కువ. 2020 జనవరిలో పెంబ్రోలిజుమాబ్ అనే ఇంజెక్షన్ వచ్చింది. ఇది నరానికి ఇచ్చే మందు. కేన్సర్ మన రక్షక కణాలకు వేసే కళ్ళేన్ని ఇది విప్పుతుంది. పరీక్షలో నూటికి 41 మందిలో మూడు నెలలకు కేన్సర్ కనబడకుండా పోయింది. 2022 డిసెంబరులో నాడోఫరాజీన్ అనే జన్యు చికిత్స వచ్చింది. జలుబు కలిగించే రకానికి చెందిన ఒక వైరస్‌ను హాని చేయకుండా మార్చి, దాని వీపు మీద ఇంటర్‌ఫెరాన్ తయారుచేసే జన్యువును ఎక్కించి మూత్రాశయంలో పోస్తారు. అప్పుడు మూత్రాశయపు పొరే మందు తయారుచేసుకుంటుంది. మూడు నెలలకు ఒకసారి పోస్తే చాలు. నూటికి 51 మందిలో మూడు నెలలకు ఫలితం కనబడింది. 2024 ఏప్రిల్‌లో, బి.సి.జి.తో కలిపి పోసే మరో మందుకు ఆమోదం లభించింది. బి.సి.జి. పిలిచిన రక్షక కణాలకు అది బలం ఇస్తుంది. నూటికి 62 మందిలో పనిచేసింది.

2025లో వచ్చిన రెండింటిలో పాత మందులకే కొత్త రూపం ఇచ్చారు. ఒకటి మైటోమైసిన్. దానిని చల్లగా ఉంటే నీరుగా, ఒంటి వేడికి జిగురుగా మారే పదార్థంలో కలిపారు. లోపలికి పోయాక అది గోడకు అంటుకుని గంటల తరబడి మందును వదులుతుంది. నెమ్మదిగా పెరిగే రకం తిరిగివచ్చినప్పుడు మళ్ళీ ఆపరేషన్ చేయకుండా దీనితో నూటికి 78 మందిలో కంతి మాయమైంది. రెండవది జెమ్‌సిటబిన్ నింపిన చిన్న మెలిక తిరిగిన గొట్టం. దాన్ని మూత్రాశయంలో ఉంచితే మూడు వారాలపాటు కొద్దికొద్దిగా మందు ఊరుతూ ఉంటుంది. బి.సి.జి.కి లొంగని చదును రకంలో నూటికి 82 మందికి దీనితో ఫలితం కనబడింది.

ఈ అంకెలు విని ఒకదానితో ఒకటి పోల్చి, 82 గొప్పది, 41 తక్కువది అనుకోకూడదు. ఒక్కొక్క పరీక్షలో రోగులు వేరు, ఉన్న కేన్సర్ తీరు వేరు, చాలావాటిలో వంద మంది కూడా లేరు. పైగా మూడు నెలలకు కనబడకుండా పోయిన కేన్సర్ ఏడాదికో రెండేళ్ళకో తిరిగివచ్చిన సందర్భాలు ప్రతి మందులోనూ ఉన్నాయి. మొదట ఆశ పెట్టి తరువాత నిరాశపరిచిన మందులూ ఉన్నాయి. అపాజిక్వోన్ అనే మందు మీద రెండు పెద్ద పరీక్షలు జరిగినా అనుకున్న ఫలితం రాలేదు. 2016లో అమెరికా నిపుణుల సంఘం దానిని కాదన్నది. కాబట్టి పత్రికలో "కేన్సర్‌కు కొత్త మందు" అని చదవగానే ఉన్న వైద్యం మానుకుని దాని కోసం కూర్చోవడం ప్రమాదం.

మరి మనవంటివారి మాటేమిటి? ఇప్పుడు చెప్పుకున్న విదేశీ మందులలో చాలావాటి ఖరీదు సామాన్యుడికి అందేది కాదు. అయినా నిరాశపడవలసిన పని లేదు. రెండు దారులు మన దగ్గరగానే ఉన్నాయి. మొదటిది, బి.సి.జి.నే మెరుగుపరచడం. బెర్లిన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థలో బి.సి.జి. క్రిమి జన్యువులను మార్చి వి.పి.ఎం. 1002 అనే కొత్త రకాన్ని రూపొందించారు. దానిని తయారుచేసే హక్కును పుణే సీరమ్ ఇన్‌స్టిట్యూట్ తీసుకుంది. స్విట్జర్లాండ్, జర్మనీ దేశాలలో, మామూలు బి.సి.జి.కి లొంగని సుమారు నలభై మంది రోగుల మీద దాన్ని పరీక్షించగా, ఏడాది దాటేసరికి దాదాపు సగం మంది మూత్రాశయంలో కేన్సర్ తిరిగిరాలేదని 2022లో ప్రకటించారు. ఇది చిన్న పరీక్షే. కాని ఇది మన దేశంలో తయారుచేయగల మందు.

రెండవది, రెండు పాత మందులను జోడించడం. జెమ్‌సిటబిన్ పోసి, అది వదిలాక డోసిటాక్సెల్ పోయడం అనే పద్ధతిని అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ వైద్యులు ముందుకు తెచ్చారు. బి.సి.జి. దొరకని రోజుల్లో ఇది చాలామందిని ఆదుకుంది. ఇది బి.సి.జి.కి సాటి వస్తుందా అని తేల్చడానికి పెద్ద పరీక్ష నడిపిస్తున్నారు. ఈ రెండింటికీ ఒకే కంపెనీ హక్కు లేదు. హైదరాబాదు కంపెనీలతో సహా మన దేశంలో పలువురు తయారుచేస్తున్నారు. ఈ జబ్బులో కొత్త వైద్యం అంటే ఎప్పుడూ కొత్త పదార్థమే కానక్కరలేదు. తెలిసిన మందును సరైన చోట, సరైన సేపు నిలబెట్టడం కూడా కొత్త వైద్యమే.

అయితే ఇవన్నీ జబ్బు తొలిదశలో ఉన్నంతవరకే. కండరం దాటిన తరువాత, సంచిలో పోసే మందు ఏదీ లోతుకు చేరదు. అందుకని కొన్ని ఆచరణ మాటలు చెప్పి ముగిస్తాను.

మూత్రంలో నెత్తురు ఒక్కసారి కనబడినా, దానంతట అదే ఆగిపోయినా, మూత్ర పరీక్ష, సోనోగ్రఫీ చేయించుకోండి. నాందేడ్‌లో విష్ణుపురిలోని డాక్టర్ శంకర్రావ్ చవాన్ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. అవసరాన్ని బట్టి అక్కడినుండి ఎక్కడికి వెళ్ళాలో చెబుతారు. సోనోగ్రఫీలో ఏమీ లేదన్నా అనుమానం మిగిలితే, గొట్టంతో లోపల చూసే పరీక్ష అవసరమా అని అడగండి. చదునుగా పరుచుకున్న రకం సోనోగ్రఫీకి చిక్కకపోవచ్చు. మహారాష్ట్రలో మహాత్మా జ్యోతిరావ్ ఫులే జన ఆరోగ్య యోజన, తెలంగాణలో ఆరోగ్యశ్రీ ఉన్నాయి. సరిహద్దు ఊళ్ళవారు తమ రేషను కార్డు ఏ రాష్ట్రానిదో ఆ పథకమే వర్తిస్తుందన్న సంగతి గుర్తుంచుకుని, బయలుదేరే ముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి, తమ చికిత్స అందులో ఉందో లేదో కనుక్కోవాలి.

బి.సి.జి. మొదలుపెట్టినవారు మధ్యలో మానకండి. మూడు వారాలు వచ్చి, మూత్రంలో మంట అనో, బస్సు ఖర్చు అనో, కోతలు వచ్చాయనో ఆగిపోతే సగం వైద్యం వైద్యం కాదు. రెండు రోజులు మంట, కొద్దిపాటి జ్వరం మామూలే. జ్వరం ఎక్కువై తగ్గకపోతే మాత్రం వెంటనే డాక్టరుకు చెప్పాలి. క్షయ ఉన్నవారు, ఉండి మందులు వాడినవారు ఆ సంగతి ముందే చెప్పాలి. బి.సి.జి.లో ఉన్నది బతికున్న క్రిమి కనుక, పోయించుకున్న రోజున ఆరు గంటలపాటు కూర్చుని మూత్రం పోయాలి, ఆ దొడ్డిలో బ్లీచింగు నీళ్ళు పోసి పావుగంట ఉంచాలి. వైద్యం పూర్తయ్యాక కూడా డాక్టరు చెప్పిన గడువులకు గొట్టంతో చూసే పరీక్ష చేయించుకుంటూనే ఉండాలి.

ఎక్కడైనా పెద్ద ఆసుపత్రిలో కొత్త మందు పరీక్షలో చేరమని అడిగితే భయపడకండి, తొందరపడీ ఒప్పుకోకండి. మన దేశంలో అటువంటి పరీక్షకు నైతిక సంఘం అనుమతి కావాలి, మీకు తెలిసిన భాషలో వివరం చెప్పి మీ సంతకం తీసుకోవాలి. మరాఠీలో ఇచ్చిన కాగితం అర్థం కాకపోతే తెలుగులో చెప్పమని అడిగే హక్కు మీకుంది. చేరిన తరువాత ఎప్పుడైనా వద్దనవచ్చు. వద్దన్నందుకు మామూలు వైద్యం ఆపకూడదు.

చివరి మాట బీడీ గురించి. కిన్వట్, ఆదిలాబాద్ అడవుల తునికాకు, నిజామాబాద్ వైపు ఇళ్ళలో చుట్టే బీడీ ఎన్నో కుటుంబాలకు అన్నం పెడుతున్నాయి, ఆ సంగతి కాదనను. కాని పొగాకు పొగలో ఉన్న కొన్ని రసాయనాలు ఊపిరితిత్తుల నుండి నెత్తురులోకి, నెత్తురు నుండి మూత్రంలోకి చేరి, గంటల తరబడి మూత్రాశయంలో నిలవ ఉంటాయి. 1895లో జర్మనీలో రంగుల కర్మాగారపు కూలీలలో ఈ కేన్సర్‌ను లుడ్విగ్ రేన్ అనే వైద్యుడు గుర్తించాడు. ఆ రంగుల పరిశ్రమలో దోషిగా తేలిన ఒక రసాయనం పొగాకు పొగలోనూ ఉంది. మూత్రాశయ కేన్సర్లలో సుమారు సగానికి పొగ తాగడమే కారణమని అంచనా. కేన్సర్ వచ్చిన తరువాత మానేసినా, మందు పనిచేయడానికీ, జబ్బు తిరిగిరాకుండా ఉండడానికీ అది మేలు చేస్తుంది.

పుణేలో మందు ఉంది, హైదరాబాదులో మందు ఉంది, ప్రపంచం నలుమూలలా కొత్త మందులు వస్తున్నాయి. అవి మన ఊరి మనిషికి పనికిరావాలంటే, అతడు మూత్రంలో ఎరుపు కనబడిన రోజునే ఇంట్లో ఆ మాట చెప్పాలి. సిగ్గుపడి దాచవద్దు, చలవ చేస్తే పోతుందని వాయిదా వేయవద్దు.